బస్సులో తెగిన పలకరింపు

పొద్దున్నే డిపోలో డ్రైవరు సీట్లో కూర్చోగానే అతను ఇంజను స్టార్ట్ చేయడు. అద్దాలు సరిచేసుకుని, తన ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుంటాడు, ఎదురుగా ఉన్న మనిషి చేయి పట్టుకున్నట్టు. పెదాలు కదులుతుంటాయి. ఒక మాట, కాసేపు ఆగడం. ఇంకో మాట, మళ్ళీ ఆగడం. బస్సులు కడిగే ఆయన చాలాకాలం అది ప్రార్థన అనుకున్నాడు. అతను మొదలుపెట్టగానే నీళ్ళ పైపు కట్టేసి, చీపురు పక్కన పెట్టి, తనూ తలవంచుకుని నిలబడేవాడు. అంత మర్యాద చేస్తున్న మనిషితో ఇది ప్రార్థన కాదని చెప్పడానికి ఇతనికి నోరు రాలేదు.

డిపోలో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. నోరు తిరగడం లేదని మొదటి వారంలోనే వదిలేశారు. కొన్నాళ్ళు 'కొత్తాయన' అన్నారు. తర్వాత 'గడియారం' అని పేరు పెట్టారు. ఎండైనా వానైనా అతని బస్సు అనుకున్న వేళకి అనుకున్న స్టాపులో ఉండేది. అతని బస్సు మలుపు తిరగడం చూసి జనం ఇంట్లో గోడ గడియారాలు సరిచేసుకుంటారని డిపోలో ఒక జోకు. ఆ పేరు పెట్టిన రోజు అతను ఇంటికి స్వీట్ల పెట్టె పట్టుకెళ్ళాడట. శరణార్థి శిబిరంలో ఏళ్ళ తరబడి గుడారం నంబరుతో బతికినవాడికి మనుషులు ముద్దుగా ఒక పేరు పెట్టడం చిన్న విషయం కాదు.

నేను కాలేజీకి ఆ బస్సులోనే వెళ్ళేదాన్ని. ఇక్కడ రాసినవాటిలో చాలావరకు అతని భార్య చెప్పగా విన్నవి. కొన్ని ముందు వరసలో కూర్చుని కళ్ళారా చూసినవి.

వాళ్ళది గొర్రెలు కాసుకునే పల్లె. యుద్ధం దగ్గరికొచ్చినప్పుడు అతను భార్యని, చంటిపిల్లని తీసుకుని లారీ ఎక్కాడు. తల్లి రానంది. "నువ్వు వెళ్ళు. గొర్రెల్ని ఎవరు చూస్తారు?" అంది. ఆవిడ కోసం మళ్ళీ మనిషిని పంపిస్తానన్నాడు. ఆ తర్వాత ఆ దారి మూసుకుపోయింది. శిబిరం నుంచి ఈ దేశం వాళ్ళని తీసుకుంది. ఆవిడ సంగతి మాత్రం ఎవరికీ తెలియలేదు.

వాళ్ళలో ఇద్దరు కలుసుకుంటే 'బాగున్నావా' అన్న ఒక్క ముక్కతో తేలిపోదు. చిన్నవాడు పెద్దవాడి చేయి పట్టుకుని వరసగా అడగాలి. ముందు ఇల్లు, తర్వాత తలుపు. ఆ తర్వాత తండ్రి, తల్లి, తోబుట్టువులు, పిల్లలు, గొర్రెలు, చిట్టచివర బావి. ఒక్కోదానికి ఒక్కో జవాబు. పోయినవాళ్ళని కూడా వదలకుండా అడగాలి. వాళ్ళ గురించి 'ముందు వెళ్ళారు, దారి చూస్తున్నారు' అని చెబుతారు. అన్నీ అయ్యాక అడిగినవాడు 'చల్లగా ఉండాలి' అని చేయి వదులుతాడు. ఎదురైనవాడు ఊరినుంచి వస్తున్నవాడైతే, వాళ్ళింటి వరస అయ్యాక మనింటి వరస కూడా అతన్నే అడగాలి. అడగనిదే అతను చెప్పడు. అడగని కబురు చెప్పడం వాళ్ళలో మహా మొరటుతనం. మనిషి సిద్ధంగా ఉన్నాడో లేడో చూసుకోకుండా నెత్తిన పడేయడం అన్నమాట. వరసలో అడుగుతూ వస్తే, చెడ్డకబురున్న పేరు దగ్గరికి చేరేలోపు మనిషి కాస్త కూడదీసుకుంటాడు. ఇక మధ్యలో చేయి లాక్కోవడమంటే, మీవాళ్ళెవరూ నాకు అక్కర్లేదని మొహం మీదే చెప్పడం. అలా తెగినదాన్ని తెంపినవాడే, తెగిన చోటే నిలబడి, మొదటినుంచి మొదలుపెట్టాలి.

ఇవన్నీ పిల్లలకి నేర్పేది గడియారమే. ఆదివారాలు ఒక స్కూలు వాళ్ళు తమ గది ఇస్తే, ఆ ఊళ్ళో ఉన్న వాళ్ళ కుటుంబాలన్నీ అక్కడ చేరేవి. పిల్లలకి భాష, పాటలు, లెక్కలు. చివర్లో పలకరింపు. చేయి ఎంత గట్టిగా పట్టుకోవాలో, ఎక్కడ కళ్ళు దించుకోవాలో అతను దగ్గరుండి చూపించేవాడు. మాకు బావి లేదు కదా, నీళ్ళ బిల్లు ఎలా ఉందని అడగనా అని ఒక పిల్ల అంటే అందరూ పడిపడి నవ్వారు. అతను మాత్రం నవ్వలేదు. వరసలోంచి ఒక్కటి జారినా మిగతావన్నీ జారిపోతాయని ఆ పిల్లకి చాలాసేపు చెప్పాడు.

ఒక వానాకాలపు ఉదయం బజారు స్టాపులో జనం గొడుగుల కింద క్యూ కట్టి ఉన్నారు. రోడ్డు తవ్వకాల వల్ల బస్సు అప్పటికే ఆలస్యం. ఒక్కొక్కరే కార్డు చూపించి ఎక్కుతున్నారు. అంతలో ఒక ముసలాయన మెట్టు మీదే ఆగిపోయాడు. ఎవరో ఇచ్చిన కోటు, ఒంటికి చాలా వదులు. మెడలో ప్లాస్టిక్ తొడుగులో బస్సు కార్డు వేలాడుతోంది. డ్రైవరు మొహం చూసి ఆయన మొహం విచ్చుకుంది. అతని చేయి అందుకుని, రెండు చేతులతో పట్టుకుని, ఏమీ అనకుండా నిలబడ్డాడు. మొదలుపెట్టాల్సింది చిన్నవాడు కదా.

గడియారం మొహం కంటే ముందు ఆ చేతిని గుర్తుపట్టాడు. అరచేతికి అడ్డంగా తాడు కోసిన గాడి. వాళ్ళ పల్లెలో బావులన్నీ తవ్వినాయన. ఊరంతా బావుల తాత అనేవాళ్ళు.

వెనక ఎవరో విసుక్కున్నారు. ముందు సీట్లో రోజూ పూలబక్కెట్లతో ఎక్కే పూలకొట్టు ఆవిడ వంగి చూసి, "మీవాళ్ళా?" అంది. ఊరికే, ముచ్చటపడి అడిగింది.

"కాదండీ," అన్నాడు గడియారం.

చేయి లాక్కున్నాడు. ముసలాయనతో తమ భాషలో కాదు, ఈ దేశపు భాషలో, "కార్డు చూపించి లోపలికి వెళ్ళండి," అన్నాడు.

శిబిరంలో కొత్తభాష నేర్పినప్పుడు బావుల తాతకి వంటబట్టినవి కాసిని మాటలే. అవును, కాదు, నీళ్ళు, దండం. ఆయన కార్డు ఎత్తి చూపించాడు. లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. బస్సు కదిలింది. ఆ రోజు కూడా అది ఆఖరి స్టాపుకి సరిగ్గా టైముకే చేరింది.

సాయంత్రం భార్య హోటల్ లాండ్రీలో పని ముగించుకుని ఎగిరినట్టు ఇంటికొచ్చింది. బావుల తాత వచ్చాడట, రైలు కట్ట వెనక ఫ్లాట్లలో ఇల్లిచ్చారట, మనూరినుంచి ఇన్నేళ్ళకి వచ్చిన మొదటి మనిషి, ఇక అత్తమ్మ సంగతి తెలిసిపోతుంది అని గుక్కతిప్పుకోకుండా చెప్పింది. అతను తలనొప్పన్నాడు. తల్లి కబురంటే పరిగెత్తాల్సిన మనిషికి తలనొప్పేమిటని ఆమె వింతగా చూసింది కానీ, సంతోషంలో పట్టించుకోలేదు.

ఆదివారం వెళ్ళారు. ఆ చిన్న గదిలో అరువు తెచ్చిన కుర్చీలు, గోడలకి ఆనుకుని జనం. ఒక్కొక్కరే వెళ్ళి తాత చేయి పట్టుకుని వరసగా అడుగుతున్నారు. మధ్యమధ్యలో ఒకరు ఏడుస్తున్నారు, ఒకరు నవ్వుతున్నారు. గడియారం వంతు వచ్చింది. అతను చేయి చాచాడు. తాత చేయి ఇవ్వలేదు. కోటు లోపలినుంచి బస్సు కార్డు తీసి, అతని మొహం ముందు పెట్టి, వినయంగా చూపించాడు.

గదంతా గొల్లున నవ్వింది. తాతకి ఇక్కడి చట్టం వారంలోనే వంటబట్టిందని ఒక పెద్దమ్మ అంది. టిక్కెట్టు లేనిదే మనవాడు చేయి కూడా ఇవ్వడేమోనని ఇంకొకాయన అందుకున్నాడు. అతని భార్య కూడా కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. గడియారం ఒక్కడికే చెవులు కాలిపోయాయి.

జనం పలచబడ్డాక అతను తాత కుర్చీ పక్కన నేలమీద కూర్చుని మెల్లిగా, "తాతా, మా అమ్మ..." అన్నాడు.

తాత అంతకంటే మెల్లిగా చెప్పాడు. "ఇల్లు అడగలేదు, తలుపు అడగలేదు. అప్పుడే అమ్మ దగ్గరికి వచ్చేశావా నాయనా? మన మాట బస్సులో ఆగింది. అక్కడే కలుపుకుందాం. నేనెక్కడికి పోతాను, కార్డుందిగా."

ఇంకెవరికీ వినపడకుండా చెప్పాడు. అందరిముందూ అని ఉంటే కోపమన్నా వచ్చేది. ఆయన తన పరువు కాపాడటం గడియారానికి మరీ భరించరానిదైంది.

మర్నాటినుంచి తాత రోజూ ఎక్కేవాడు. బజారు స్టాపులో ఎక్కి, కార్డు చూపించి, కొత్తభాషలో "దండం" అని, ముసలివాళ్ళకి కేటాయించిన ముందు సీట్లో కూర్చునేవాడు. ఆఖరి స్టాపు దాకా వెళ్ళి, అదే బస్సులో తిరిగొచ్చి దిగేవాడు. ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. రోజూ ఆ స్టాపు దగ్గరికొచ్చేసరికి గడియారం క్యూలో ఆయన కోసం వెతికేవాడు. ఇవాళ అడుగుతాను అనుకునేవాడు. జనం ఎక్కువున్నారు, వెనక ఇంకో బస్సుంది, డిపోలో కొత్త అధికారి కఠినుడు, రేపు అడుగుదాం. సెలవురోజు తాతని ఖాళీ బస్సులో ఎక్కించుకుని అడిగితే ఎలా ఉంటుందా అని కూడా ఆలోచించాడట. ఆ ఆలోచనకి తనే సిగ్గుపడ్డాడు. తను చేయి లాక్కున్నది జనం ముందు. జనం ముందు తెంపినదాన్ని జనం ముందే కలపాలని పిల్లలకి చెప్పింది తనే.

ఆదివారం తరగతికి వెళ్ళడం మానేశాడు. డ్యూటీ పడిందన్నాడు.

భార్యకి సంగతి ఫ్లాట్ల ఆడవాళ్ళ ద్వారా తెలిసింది. తాత రోజంతా బస్సులో తిరుగుతున్నాడు, ఏం చూస్తావు తాతా అంటే మనవాడు బండి బాగా నడుపుతాడు అంటాడు తప్ప ఇంకేమీ చెప్పడు అన్నారు వాళ్ళు. ఆ పలకరింపు నియమాలు ఆమెకీ తెలుసు. ఇంటికొచ్చి భర్తని నిలదీసింది. అతను గోడవైపు తిరిగి మొత్తం చెప్పాడు. 'కాదండీ' అన్న మాట దగ్గర ఉతికిన బట్టలు మడతపెడుతున్న ఆమె చేతులు ఆగిపోయాయి.

"నువ్వే కదా పిల్లలకి చేయి ఎలా పట్టుకోవాలో చూపించేది," అంది.

అతను బస్సు టైము గురించి, ఉద్యోగం గురించి ఏదో చెప్పబోయాడు.

"గడియారం అంటే పొంగిపోతావు. గడియారానికి అమ్మ ఉండదు," అని ఆమె మళ్ళీ బట్టలు మడతపెట్టుకుంది.

అయినా ఇంకొన్నాళ్ళు గడిచాయి. అతను అడగలేదు. చివరికి అతన్ని కదిలించింది భార్య మాట కూడా కాదు.

వాళ్ళ చంటిపిల్ల ఇప్పుడు హైస్కూలు పిల్ల. స్నేహితురాళ్ళతో కలిసి తండ్రి బస్సులోనే వెళ్తుంది. ఎప్పుడూ మధ్య తలుపులోంచే ఎక్కుతుంది. ముందు తలుపు దగ్గర రద్దీ తగ్గుతుంది, పిల్ల తెలివైంది అని గడియారం మొదట్లో మురిసిపోయేవాడు. ఆ ఉదయం కూడా అలాగే గుంపులో ఎక్కింది. తండ్రి వైపు చూడలేదు. పక్కపిల్ల ఏదో అంటే నవ్వుతూ వెనక్కి నడిచింది. ముందు సీట్లో ఉన్న తాత తల తిప్పి ఆ పిల్లనే చాలాసేపు చూశాడు. తర్వాత, ఇన్ని రోజుల్లో మొదటిసారి, తమ భాషలో అడిగాడు.

"ఆ నడక మీ అమ్మది. పిల్ల మీదేనా?"

బస్సు అప్పటికే కదిలింది. గడియారం అద్దంలో కూతుర్ని చూశాడు. ఆ పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఏళ్ళ తరబడి ఆ అద్దంలో చూస్తున్నాడు కానీ, ఆ పిల్ల మధ్య తలుపులోంచి ఎందుకు ఎక్కుతోందో అతనికి అప్పుడే అర్థమైంది. ఎవరి దగ్గర నేర్చుకుందో కూడా.

"అవును తాతా. మాదే," అన్నాడు, తమ భాషలోనే, బస్సంతా వినపడేలా.

తర్వాతి స్టాపులో బస్సు ఆపాడు. తలుపులు తెరిచి, బ్రేకు వేసి, ఇంజను ఆపేశాడు. ఆ నిశ్శబ్దానికి జనం తలెత్తి చూశారు. అతను క్యాబిన్ చిన్న తలుపు తీసుకుని బయటికొచ్చి, తాత ముందు నిలబడి, చేయి పట్టుకున్నాడు.

"ఇల్లు నిలబడి ఉందా?"

"లేదు."

"తలుపు?"

"నేనే పీకి మంట వేసుకున్నా. చలికి ఆగలేక."

జనంలో గొణుగుడు మొదలైంది. ఏమైందని ఒకరు, బండి చెడిపోయిందా అని ఒకరు. గడియారం ఆగిపోయిందర్రా అని వెనకనించి ఎవరో అంటే కొందరు నవ్వారు. ఒకాయన విసురుగా దిగి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. వెనకొచ్చిన బస్సు హారన్ కొట్టింది. గడియారం మెడ వెనక చెమట పట్టడం నాకు కనిపించింది. కానీ చేయి వదల్లేదు. తాతని వాళ్ళింటి వరసంతా అడిగాడు. తాత భార్య ముందు వెళ్ళింది. కొడుకులు ఎక్కడున్నారో తెలియదు. వాళ్ళ భాష రాకపోయినా, ఒక్కో మాటకీ ఆ ముసలాయన తల ఊపుతున్న తీరు చూసి పూలకొట్టు ఆవిడకి ఏదో అర్థమైనట్టుంది. "కాస్త ఓపిక పట్టండమ్మా. వాళ్ళింట్లో జనం ఎక్కువున్నట్టున్నారు," అని వెనక్కి చెప్పింది.

అప్పుడు గడియారం తన ఇంటి వరస మొదలుపెట్టాడు.

"మా ఇల్లు?"

"కప్పు పోయింది. గోడలున్నాయి." తలుపు అడిగితే అదీ పోయిందన్నాడు.

"మా నాన్న?"

"ముందు వెళ్ళాడు, దారి చూస్తున్నాడు." తండ్రి పోయి ఎన్నో ఏళ్ళైంది. అయినా అడగాలి.

"మా అమ్మ?"

తాత రెండో చేయి కూడా తెచ్చి అతని చేతి మీద వేశాడు.

"ముందు వెళ్ళింది," అన్నాడు. జవాబులో ఉండకూడని మాటలు కూడా అన్నాడు. "అందరం కలిసే బయల్దేరాం. దారిలో కూర్చుండిపోయింది. నడవలేను, మీరు వెళ్ళండి అంది. వెళ్ళిపోయాం నాయనా. నేనూ వెళ్ళిపోయాను."

తనకి కోపం వచ్చి ఉంటే బాగుండేదని గడియారం తర్వాత భార్యతో అన్నాడట. కోపం రావడానికి వీల్లేకపోయింది. ఆవిడ వెళ్ళమంటే వెళ్ళిపోయినవాళ్ళలో మొదటివాడు తనే.

వరస ఇంకా మిగిలే ఉంది. తోబుట్టువులు, పిల్లలు అయ్యాక "గొర్రెలు?" అని అడిగాడు. చెదిరిపోయాయన్నాడు తాత. "బావి?" అని అడిగాడు.

"నీళ్ళున్నాయి. తోడుకునేవాళ్ళు లేరు."

"చల్లగా ఉండాలి," అన్నాడు గడియారం. ఆ మాట సరిగ్గా పైకి రాలేదు. మళ్ళీ అన్నాడు. అప్పుడు చేయి వదిలాడు.

తాత సీట్లో వెనక్కి వాలి, కోటు చేతితో మొహం తుడుచుకున్నాడు. "రోజూ ఎక్కేవాణ్ణి," అన్నాడు. "అడిగితే చెప్పాలి కదా అని ఎక్కేవాణ్ణి. దేవుడా, ఇవాళ కూడా అడగకుండా ఉంటే బాగుండు అనుకుంటూ కూర్చునేవాణ్ణి. ఆ రోజు నువ్వు చేయి లాక్కుంటే, నిజం చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత అందుకూ సిగ్గేసింది."

గడియారం తిరిగి వెళ్ళి కూర్చుని బస్సు నడిపాడు. స్కూలు స్టాపులో కూతురు స్నేహితురాళ్ళతో కలిసి మధ్య తలుపులోంచే దిగింది. దిగేముందు ఒక్కసారి ముందుకి చూసింది. తండ్రి అద్దంలో తననే చూస్తున్నాడని గమనించి తల దించుకుంది. ఆ రోజు బస్సు ఆఖరి స్టాపుకి బాగా ఆలస్యంగా చేరింది.

డిపోకి ఫిర్యాదు వెళ్ళింది. అధికారి పిలిచి, మధ్యదారిలో బండి ఎందుకు ఆపావని అడిగాడు. "మావాళ్ళు ఎక్కారు," అన్నాడు గడియారం. ఎవరు, ఎందరు అని అడిగితే అంతకంటే చెప్పలేకపోయాడు. ఇంకోసారి ఇలా జరిగితే ఊరుకునేది లేదని చెప్పి పంపించారు. పేరు పోలేదు. 'ఆగిన గడియారం' అని కొన్నాళ్ళు ఆటపట్టించారు, అంతే. పూలకొట్టు ఆవిడ మర్నాడు ఒక తెల్లపూల కట్ట స్టీరింగు పక్కన పెట్టి, ఏమీ అడక్కుండా వెళ్ళి కూర్చుంది. ఆవిడ అడిగి ఉంటే, మొదటిరోజు మీకు అబద్ధం చెప్పానని చెప్పేద్దామనుకున్నాడట. ఆవిడ అడగలేదు. ఆ మాట అతనిలోనే ఉండిపోయింది.

ఆదివారం తరగతికి మళ్ళీ వెళ్తున్నాడు కానీ పిల్లలకి పలకరింపు నేర్పడం లేదు. అది ఇప్పుడు అతని భార్య నేర్పుతుంది. అతను కుర్చీలు వేస్తాడు, అయ్యాక తీసి గోడకి పేరుస్తాడు. మీరే నేర్పొచ్చు కదా అని తల్లులు అడిగితే గొంతు బాగోలేదంటాడు. డిపోలో మాత్రం, ఎవరూ ఎదురుగా లేకుండా, తన చేయి తనే పట్టుకుని పొద్దున్నే ఆ వరస మొత్తం అడుగుతాడు. తల్లి పేరు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాడు.

బావుల తాత ఇప్పుడు రోజూ ఎక్కడు, సంతకి వెళ్ళే రోజు మాత్రమే ఎక్కుతాడు. గడియారం బస్సు ఇప్పటికీ ఆ దారిలోనే తిరుగుతోంది. అతని కూతురు ఇప్పటికీ మధ్య తలుపులోంచే ఎక్కుతుంది.